మెట్ల కింద మా దానమ్మ

మా చెల్లెలు దానమ్మ మొన్న ఆదివారం పొద్దున గుంటూరు ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించింది. ఆరాధనకు పోదామని చీర మార్చుకుంటుంటే ఫోను వచ్చింది. కుచ్చిళ్ళు చేతిలోనే ఉండిపోయినయ్. నాకంటే చిన్నది. నన్ను సాగనంపాల్సిన మనిషి. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు. దుఃఖం చల్లారినాక రాయమ్మా అని మన సంఘ పత్రిక వాళ్ళు చెప్పారు. చల్లారితే నేను రాయను. నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. సంగతి మాత్రం దిద్దొద్దు.

పేపరులో "దివ్యాంగుల ఆశాజ్యోతి అనారోగ్యంతో కన్నుమూత" అని వేశారు. అనారోగ్యం యాడిది? కాళ్ళు తప్ప మా దానమ్మకు ఏ జబ్బూ లేదు. బీపీ లేదు, షుగర్ లేదు. సన్మానం చేస్తామని ఆమెను కుర్చీతో సహా మెట్ల మీదికి మోసుకుపోయి జారవిడిచారు. తుంటి ఎముక విరిగింది. మంచాన పడింది. ఒళ్ళు పుండ్లు పడింది, జ్వరం తగిలింది, పోయింది. ఆశాజ్యోతి ఎట్టా ఆరిందో ఎవరూ రాయలేదు గనక నేను రాస్తున్నాను.

నడక వచ్చీ రాని వయసులో దానమ్మకు పోలియో జ్వరం వచ్చింది. అమ్మా నాన్నా కూలికి పోతే నేనే చంకనేసుకొని బడికి తీసకపొయ్యేదాన్ని. ఎత్తుకున్నది నేనయినా పెత్తనం దానిది. "అక్కా, ఎండలో వద్దు. ఆ గోడవారన దించు. కాదు, ఇంకొంచెం అవతల" అనేది. మిరపకాయ కోతలకు పోవాల్సొచ్చి నేను బడి మానేశాను. మర్నాడు చూస్తే నాన్న పాత చెప్పులు రెండు చేతులకు తొడుక్కొని పాక్కుంటూ బడి దారిన పోతున్నది. "ఏమే, యాడికి?" అన్నాను. "నువ్వు మానేస్తే నేను మానాలా?" అన్నది. పదో తరగతి పాసయింది. కుట్టుపని నేర్చుకుంది. ఎవరి మీదా ఆధారపడకుండా బతికింది. అభిమానధనురాలు. అట్టాంటి మనిషికి ఆ మాట వాడాలి, శాలువాలు కప్పించుకునేవాళ్ళకు కాదు.

మన పల్నాట్లో ఒక మంచి గుణం ఉంది. నడవలేని మనిషి కనబడితే అడక్కుండా ఎత్తుతారు. పుణ్యమని ఎత్తుతారు, పాపమని ఎత్తుతారు. ఆ మంచి గుణమంటే మా దానమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఒకసారి మాచర్ల బస్సు ఎక్కబోతున్నాం. తను వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చొని, చేతుల బలంతో ఒక్కో మెట్టూ ఎక్కుద్ది. అది దాని పద్ధతి. అంతలో తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన వెనకమాలగా వచ్చి, చంకల కింద చేతులేసి మూటలాగా ఎత్తాడు. దానమ్మ ఆయన ముంజేయి కొరికింది. బస్సంతా అరుపులు.

"పాపమని సాయం జేస్తే కుక్కలాగా కరుస్తావేందే?" అన్నాడాయన.

"కుక్కను ఎత్తేముందు కరుస్తుందేమోనని ఒక్కసారన్నా చూస్తావుగా బాబాయ్! నన్ను ఆపాటి కూడా చూడలేదు నువ్వు" అన్నది.

బస్సంతా నవ్వింది. చెయ్యి రుద్దుకుంటూ ఆయన కూడా నవ్వాడు. ఆ రూట్లో కండక్టర్లు తర్వాతెప్పుడూ "దానమ్మా, ఎక్కుతావా, పట్టుకోమంటావా?" అని అడగకుండా చెయ్యి చాపలేదు. "చెయ్యి వేసే ముందు నోరు విప్పు." ఇది ఆమె మాట. తర్వాత తన దగ్గరికి కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని బిడ్డల్ని తీసుకొచ్చే తల్లులకు కూడా ఇదే చెప్పేది. మూతి తుడిచే ముందు కూడా అడగమనేది.

ఎవరైనా ఒకటే ఆమెకు. ఒక కూడికలో బయటూరి పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యిపెట్టి, లేచి నడవాలని చానాసేపు ప్రార్థన చేశాడు. ఆమె ఓపికగా ఆమేన్ చెప్పి, "అయ్యగారూ, నేను నడవకపోయినా దేవుడికి నష్టం లేదు. మీ గుడి ముందర మెట్టు పక్కన రెండు నాపరాళ్ళు వాలుగా వేయించండి, నేనే లోపలికొచ్చి ప్రార్థన చేసుకుంటాను" అన్నది. ఆయన కోప్పడలేదు. ఆ రాళ్ళు ఇప్పటికీ ఆ గుడి ముందర ఉన్నయ్. ఇప్పుడు ఆ ఊరి కూడికలకు పోతే, మోకాళ్ళు అరిగిన నాబోటి ముసలాళ్ళందరం వాటి మీదే పోతున్నాం.

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో దివ్యాంగుల సేవా కేంద్రమని ఒకటి పెట్టారు. కాళ్ళూ చేతులూ సాగదీసి కసరత్తు చేయించే డాక్టరమ్మ, చెవిటి మిషన్లు, మూడు చక్రాల బండ్లు, అన్నీ ఒక్కచోటే దొరుకుతయ్ అన్నారు. సంతోషపడ్డాం. పోయి చూస్తే అది మేడ మీద ఉంది! మరుగుదొడ్డి కూడా పైనే. ఊళ్ళనుంచి వచ్చే ఆడపిల్లలు పొద్దుటినుంచీ మంచినీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళు, ఆ అవసరం పడితే ఎట్టా అని. కింద గదులకు తాళం. దానమ్మ పాకి ఎక్కగలదు. అయినా ఎక్కలేదు. "చీర పైకి దోపుకొని నలుగురి ముందు పాకి సేవలు చేయించుకోవాలా అక్కా? నేను పాకితే, పక్షవాతమొచ్చిన ముసలాయన్ని కూడా పాకమంటారు" అన్నది.

ఆఫీసరుగారు కిందికి దిగొచ్చినప్పుడు మెట్ల దగ్గర పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను.

"కింద గదుల్లో ఏముందండీ?"

"సామానుందమ్మా. పాత కుర్చీలు, విరిగిన బల్లలు, ఫాన్లు."

"వాటికి మోకాళ్ళ నొప్పులా, పైకెక్కలేవా?"

"అట్టా కాదమ్మా. మిమ్మల్ని ఎత్తటానికి మనుషుల్ని పెట్టాంగా?"

"మనుషులున్నారుగా. అయితే ఆ కుర్చీల్ని ఎత్తమనండి పైకి."

ఆయన "చూద్దాంలేమ్మా" అని జీపెక్కాడు. ఆయన బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయన కూడా చూద్దామన్నాడు. చూడటానికి ఏముందో నాకు తెలీదు. తాళం తీస్తే కనపడుద్ది.

దానమ్మ చూస్తూ కూర్చునే మనిషి కాదు. దాచేపల్లి నుంచి ఖాళీ సిమెంటు సంచులు తెప్పించి, ఇద్దరం ఉతికి ఆరేసి, కలిపి పెద్ద పట్టాగా కుట్టాం. అది ఆ మెట్ల కింద పరిచింది. ప్రతి గురువారం వెల్దుర్తి నుంచీ ఇటు చుట్టుపక్కల పల్లెలనుంచీ జనం వచ్చి అక్కడ కూర్చునేవాళ్ళు. దానమ్మ తల పైకెత్తి "రేష్మా, దిగమ్మా, నీ పిల్లలొచ్చారు" అని కేకేసేది. ఆ డాక్టరమ్మ రేష్మ మంచి పిల్ల. నూనెసీసా పట్టుకొని దిగొచ్చేది. మెకానిక్ మస్తాన్‌కు కూడా కాళ్ళు లేవు. తన మూడు చక్రాల బండి మీదే వచ్చి అందరి బండ్లకూ పంచర్లు వేసేవాడు. మరుగుదొడ్డికి ఎదురింటి వాళ్ళను దానమ్మే ఒప్పించింది. ఆ మెట్ల కింద చేతిలో చెంచా నిలవని పిల్లలు చెంచా పట్టటం నేర్చారు. సేవ అనే మాటకు అర్థం నేను అక్కడ చూశాను, పైన బోర్డు మీద కాదు.

ఆమె పడిన రోజు దివ్యాంగుల దినమని సభ పెట్టారు. ఎక్కడనుకున్నారు? పైనే. ఒక పెద్దమనిషి వచ్చాడు, ఆయన వెంట తెల్లచొక్కాల కుర్రాళ్ళు. నలుగురు దిగొచ్చి, "ఆంటీ, అన్న పైన వెయిటింగ్. నీకు సన్మానం" అన్నారు.

"అన్నకు కాళ్ళున్నయ్‌గా, దిగమను. నాకు సన్మానం ఇక్కడ చేస్తే సంతోషం, కింద గది తీస్తే ఇంకా సంతోషం" అన్నది.

"పర్లేదాంటీ, సిగ్గుపడబాకు, మేమున్నాంగా!" అని నవ్వుతూ ప్లాస్టిక్ కుర్చీలోకి ఎక్కించి ఎత్తేశారు. ఒకడు ముందర వెనక్కి నడుస్తూ ఫోనులో తీస్తున్నాడు. "దించండిరా! ఒరేయ్, దించండి!" అని ఆమె అరుస్తూనే ఉంది. నేను ఒకడి చొక్కా పట్టి గుంజాను. "పెద్దమ్మా, పక్కకు జరుగు, పడతావు" అన్నాడు. మెట్ల మలుపు దగ్గర కుర్చీ కాలు వంగింది. అంతే.

కారులో ఆసుపత్రికి పంపారు. సభ మాత్రం జరిగింది. సాయంత్రం శాలువా ఆసుపత్రికి చేరింది. మడిచి దాని నడుం కింద పెట్టాను. ఏదో ఒక పనికి రావాలిగా.

"వాళ్ళు చెడ్డోళ్ళు కాదక్కా. చెడ్డోళ్ళయితే తిట్టి ఆపేదాన్ని. మంచోళ్ళను ఆపటమే నాకు చేతకాలేదు" అన్నది మంచం మీద. అది దాని మనసు. నాకు అంత మనసు లేదు. అడిగితే వద్దన్నది, వద్దంటే ఎత్తారు. నా లెక్కలో వాళ్ళు మంచోళ్ళు కాదు.

భూస్థాపన రోజున పెట్టె ఎత్తటానికి మగవాళ్ళు వంగారు. మస్తాన్ తన బండి తెచ్చి అడ్డంగా ఆపాడు. "ఆగండి. ముందు అడగండి" అన్నాడు.

"చచ్చిపోయిన మనిషిని అడిగేదేందిరా?" అన్నాడు ఎవరో.

"బతికున్నప్పుడు అడిగారా?" అన్నాడు మస్తాన్.

మా పాస్టరుగారు పెట్టె దగ్గర వంగి, "దానమ్మా, ఎత్తమంటావా తల్లీ?" అని అడిగాడు. అందరం కాసేపు ఆగాం. అప్పుడు ఎత్తారు.

మొన్న సంతాపసభ పెట్టారు. మళ్ళీ పైనే పెట్టారు! దానమ్మ మనుషులందరూ మెట్ల కింద సిమెంటు సంచుల పట్టా మీదే కూర్చున్నారు. ఒక్కరు ఎక్కలేదు. ఎత్తుతామని వచ్చిన కుర్రాళ్ళకు రేష్మ అడ్డంగా నిలబడింది. పైన మైకులో ఉన్నత శిఖరాలు అన్నారు, ఆశయసాధన అన్నారు, ఆమె లేని లోటు తీర్చలేనిది అన్నారు. వినాల్సినవాళ్ళంతా కిందున్నారు. పైన వాళ్ళ మాటలు వాళ్ళే విని చప్పట్లు కొట్టుకున్నారు.

సభ అయినాక ఒకాయన దిగొచ్చి, "పెద్దమ్మా, దానమ్మగారి మంచి ఫోటో ఒకటియ్యి. పైన హాలుకు ఆమె పేరు పెట్టి, పెద్దది కట్టించి తగిలిస్తాం" అన్నాడు.

"ప్రాణముండగా ఎక్కనన్న మెట్లు, పోయినాక ఎక్కిస్తారా? ఇయ్యను" అన్నాను. "పేరు గొప్పగా ఉంటదమ్మా" అని నచ్చజెప్పబోయాడు. పేరుదేముంది, బోర్డు మీద రంగు. వచ్చే గురువారం మళ్ళీ పల్లెలనుంచి పిల్లలొస్తారు. ఆడపిల్లలు మంచినీళ్ళు తాగకుండా వస్తారు. మెట్ల దగ్గర ఇంకెవరో పుణ్యాత్ముడు చేతులు చాపుకొని నిలబడి ఉంటాడు. ఈసారి ఎవరి తుంటి విరుగుద్దో అని నా భయం.

చెల్లెలా, నీ ధీరత్వానికీ నిష్కల్మషమైన నీ హృదయానికీ ఈ అక్క చేతులెత్తి మొక్కుతున్నది. నీలాంటి మనిషి మాకు మళ్ళీ దొరకదు. అది నాకు మైకులో ఎవరూ చెప్పక్కర్లేదు.

పైన సభ చేసిన పెద్దలారా, దానమ్మ లోటు తీర్చలేమన్నారు. నిజమే, అది మీవల్ల కాదు. కింద గది తాళం మీ దగ్గరే ఉంది. అది తీయండి.