కడగకూడని స్పాంజి

నాకు చేపల మీద ప్రేమేమీ లేదు, ఉన్నది కుతూహలమే. బెళ్ళందూరులో నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రి వరండాలో ఒక గాజుతొట్టి ఉండేది. ఇంజెక్షనంటే కేకలు పెట్టే పిల్లలు దాని ముందు నోరు మూసుకుని నిలబడేవాళ్ళు. ఆ చేపల్లో అంతగా ఏముందా అని చూడబోయి, నేనే రోజూ పది నిమిషాలు అక్కడ ఆగడం మొదలుపెట్టాను. ఉద్యోగం మానేసే నాటికి చందాపురలో రంగుచేపల అంగడి పెట్టాలన్న పిచ్చి బాగా ముదిరింది.

చేతిలో ఉన్నది నా పీఎఫ్ డబ్బు. అది పోతే ముసలితనంలో మా ఇద్దరికీ వేరే ఆధారం లేదు. అంగడికని చూసిన గది ఓనరు పది నెలల అద్దె అడ్వాన్సు అడిగాడు, నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. అడ్వాన్సు, తొట్లు, గాలి మోటార్లు, బోర్డు, కరెంటు అన్నీ నోటుబుక్కులో రాసి మా ఆయన ముందు పెట్టాను. ఆయన బడిలో లెక్కల మాస్టారు. కూడికలు రెండుసార్లు సరిచూసి బుక్కు మూసేశాడు.

"ముందు ఇంట్లో ఆరు చేపల్ని బతికించు. అంగడి సంగతి ఆమీట చూస్తాం."

ఇంతేనా అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో పనిచేసినదాన్ని. తొట్టిని, గులకరాళ్ళను, ఫిల్టరు స్పాంజిని బ్లీచింగు పొడితో కడిగి, బాగా జాడించి, కాచి చల్లార్చిన నీళ్ళు పోశాను. రెండు రోజులకోసారి స్పాంజి మళ్ళీ కడిగాను. తొట్టి తళతళలాడింది. వారం తిరిగేసరికి ఆరు చేపలూ వెల్లకిలా తేలాయి. మా ఆయన వాటిని ఒకసారి చూసి, సంచి తగిలించుకుని బడికి పోయాడు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

రోగిష్టి చేపల్ని అంటగట్టారని, వాటిని కొన్న నగర్తపేట సందులోని అంగడికి కొట్లాటకు పోయాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన నా అరుపులన్నీ అయ్యేదాకా విని, ఒకటే అడిగాడు.

"తొట్టి దేంతో కడిగితివమ్మా?"

గర్వంగా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"చేప ఉచ్చ పోస్తాది కదమ్మా, అది దానికే విషం. ఆ విషాన్ని తినే పురుగులు స్పాంజిలో ఉంటాయి, కంటికి కనపడవు. అవి పెరిగేదానికి నెల పడతాది. అవి పుట్టకముందే నువ్వు చంపేస్తా ఉండావు."

క్రిముల్ని చంపినందుకే నాకు ముప్పై ఏళ్ళు జీతమిచ్చారు. ఇప్పుడు వాటినే పెంచాలట! వచ్చిన కోపం ఎటు పోయిందో, ప్రశ్న మీద ప్రశ్న వేశాను. అవి ఎండకు చస్తాయా? కరెంటు పోతే? ఆయన విసుక్కోకుండా అన్నీ చెప్పి, తన పాత తొట్టిలోని స్పాంజిని ఒక కవరులోకి పిండి ఇచ్చాడు. గోధుమరంగు మడ్డి.

"తీస్కపోయి నీ తొట్టిలో పొయ్యి, దీనికి దుడ్డు వద్దు. కొత్త అంగళ్ళు మునిగేది ఈడనేనమ్మా. రిబ్బను కత్తిరించిన దినమే చేపల్ని నింపేస్తారు."

ఇంకో ఆరు చేపలు కొన్నాను. ఆ మురికినీళ్ళను బస్సులో చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఒకటే దిగులు పట్టుకుంది. ఈ కాస్త మడ్డి ఇంట్లో ఒక్క తొట్టికే సరి. అంగడి తీశాక కూడా నెల రోజులు తొట్లలో నీళ్ళే ఉండాలి. అమ్మేదేమీ లేకుండా అద్దె కట్టాలి. అది నా లెక్కలో లేదు, ఉన్న డబ్బులో పట్టదు కూడా. ఆయనకు చెబితే కథ ముగిసినట్టేనని భయపడి, ఆ ఖర్చు రాయలేదు.

మడ్డి పోశాక తొట్టిలో నీళ్ళు మసకబారాయి. స్పాంజి కడగాలని చేతులు దురదపెట్టాయి. కడగలేదు.

నెలాఖరు రోజు పొద్దున్నే మా ఆయన టార్చి వేసి లెక్కపెట్టాడు. ఆరూ ఉన్నాయి. సంతోషించాల్సింది పోయి, నాకు ఏడుపొచ్చింది.

"మొదటి ఆరింటినీ చంపింది నేనే" అని మొదలుపెట్టి, రాయని అద్దెతో సహా అంతా చెప్పేశాను.

ఆయన టార్చి ఆర్పాడు. తర్వాత నోటుబుక్కు తెరిచి, లైట్ల బోర్డు కొట్టేశాడు, ఇరవై తొట్లను ఎనిమిది చేశాడు. అడుగున గుండ్రటి అక్షరాలతో రాశాడు: మొదటి నెల, ఉత్త నీళ్ళకు అద్దె.

ఆ లెక్కలో ఆయన చేతిరాత పడడం అదే మొదటిసారి.