మూడు గ్లాసుల లెక్క

మా తమ్ముడు పోయిన నెల కన్నుమూశాడు. తణుకులో చాలామందికి వాడు లెక్కల మాస్టారు. కిడ్నీలు పాడై రెండేళ్ళు. నీరూ, నీరున్నదేదైనా కలిపి రోజుకి లీటరు దాటకూడదన్నారు డాక్టరుగారు. కొలిచి పుస్తకంలో రాయడం నా పని.

ఒక గురువారం ఉదయం గుర్తొస్తోంది. ఆరింటికే ట్యూషన్ పిల్లలు అరుగు మీద కూర్చున్నారు. పూజ ముగించి తీర్థం తెచ్చాను. తమ్ముడి కాళ్ళు బాగా ఉబ్బి ఉన్నాయి. చెయ్యి చాపాడు గానీ తాగలేదు.

"అక్కయ్యా, ఇది రాస్తున్నావా?"

"తీర్థానికి లెక్కేంట్రా?"

"దేవుడిచ్చినా నీళ్ళు నీళ్ళే కదా!"

రెండేళ్ళుగా రోజూ మూడు ఉద్ధరిణెలు పోశాను. మజ్జిగ రాశాను, చారు రాశాను. తీర్థం ఒక్కనాడూ రాయలేదు.

వాడు నవ్వి, దాన్నే బోర్డు మీద లెక్కగా వేశాడు. కాఫీ, మజ్జిగ, చారు, తీర్థం అన్నీ కలిపి నాలుగు వందల మిల్లీలీటర్లు. గ్లాసుకి రెండు వందలు. ఎక్స్ గ్లాసులు తాగితే మొత్తం వెయ్యి దాటకూడదు. పిల్లలు నాలుగు వందలు తీసేసి, రెండు వందలతో భాగించి, ఎక్స్ మూడు గానీ అంతకు తక్కువ గానీ అని తేల్చారు.

"మూడూ తాగాల్సిందేనాండీ?" అంది ముందు వరసలో అమ్మాయి.

"రెండైనా ఒప్పే, ఒకటైనా ఒప్పే. సమీకరణం ఒక్క జవాబుకే కుర్చీ వేస్తుంది. 'దాటకూడదు' అనే అసమీకరణం అరుగంతా చూపిస్తుంది. అంచు దాటావో, పడ్డావే."

"సున్నా అయినా ఒప్పేనాండీ?"

"లెక్కకి ఒప్పేనే అమ్మడూ. మాస్టారికే కష్టం."

అందరూ పకపకా నవ్వారు.

పిల్లలు తప్పు చేస్తే వాడు తిట్టేవాడు కాదు. "నీ జవాబులోంచి ఒక అంకె తీసుకుని లెక్కలో వేసి చూడు. అబద్ధమైతే అదే చెబుతుంది" అనేవాడు. ఎండాకాలం ఐసు ముక్క చప్పరించాలన్నా, ముందు అలాంటిదే ఒకటి కరిగించి కొలవమనేవాడు. దాహం అన్న మాట మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఎనిమిదింటికి పిల్లల్ని పంపి, వాణ్ణి తీసుకుని మరదలూ నేనూ డయాలసిస్‌కి రాజమండ్రి బస్సెక్కాం. మధ్యాహ్నం డాక్టరుగారు మా ఇద్దర్నీ బయటికి పిలిచారు. గుండె ఇక మిషన్ని తట్టుకోదన్నారు.

"ఎన్నాళ్ళండీ?" అన్నాను.

"వారం దాటదమ్మా."

దేవుణ్ణి ఏమీ అడగలేదు. 

సాయంత్రానికి రెండో తమ్ముడూ వచ్చాడు. ఆసుపత్రి వరండాలో ముగ్గురం చేరాం. మరదలే ముందుగా అంది: "ఇంకెందుకండీ వదినగారూ, కొలవడం?"

వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళిపోదామనీ, అడిగినప్పుడల్లా అడిగినన్ని నీళ్ళు ఇద్దామనీ నిర్ణయించుకున్నాం.