మా పెండ్లికార్డు బరువు, మందం

డెబ్భైల చివర్లో నేను కాగితాన్ని తూచే ఉద్యోగం చేసేదాన్ని. ఈ మాట చెబితే మా లాల్‌దర్వాజ గల్లీలో చాలామంది నేను చిత్తు కాగితాల దుకాణంలో కూర్చుంటున్నానని అనుకున్నారు. ఒకావిడ పాత పుస్తకాల మూట తెచ్చి మా గడపలో పెట్టి, కిలోకెంత ఇస్తారని అమ్మను అడిగింది కూడా. నిజానికి మాది ఒక అచ్చు కార్యాలయంలో స్టోరు పక్కన ఉన్న చిన్న పరీక్ష గది. మిల్లుల నుంచి వచ్చిన కాగితం ఒప్పుకున్నంత బరువు ఉంటే ఉందని, లేకపోతే లేదని రాసివ్వడం నా పని. లేదని రాసిన కాగితం మీద కూడా అచ్చు పని మామూలుగానే జరిగిపోయేది. అయినా నేను శ్రద్ధగా పరీక్షించేదాన్ని. బీఎస్సీ చదివినందుకు అంతకంటే ఏం చేయాలో నాకు తెలియదు.

పని కష్టమైనది కాదు. షీటులోంచి అడ్డం పది, నిలువు పది సెంటీమీటర్ల ముక్క కోసి తూచాలి. వచ్చిన గ్రాములను వందతో గుణిస్తే చదరపు మీటరు కాగితం ఎంత బరువుంటుందో తెలుస్తుంది. బజారులో జీఎస్‌ఎం అనేది దాన్నే. తర్వాత మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి మందం చూడాలి. బరువును మందంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. అంటే ఆ కాగితంలో నార ఎంత దగ్గరగా ఒత్తుకుని ఉందో, మధ్యలో గాలి ఎంత చేరిందో తెలుస్తుందన్నమాట. దళసరిగా ఉన్నదే బరువైనదని వేళ్ళు చెబుతాయి. వేళ్ళ మాట చాలాసార్లు తప్పు.

తేమ సంగతి ఒకటి ఉంది. కాగితం గాలిలోని తడిని తాగుతుంది కనుక తూచే ముందు దాన్ని కొంతసేపు గదిలో ఆరనివ్వాలి. మా గదికే వానాకాలంలో చెమ్మ ఎక్కేది. అందుకని జూలైలో వచ్చిన సరుకంతా పాసయ్యేది, ఏప్రిల్‌లో వచ్చినది ఫెయిలయ్యేది. ఈ మాట పైవాళ్ళకు చెబితే, జూలైలోనే కాగితం తెప్పించుకుందామన్నారు.

మా ఇంట్లో ఈ చదువు తొందరగా ఒంటబట్టింది మా నాన్నకు, అంటే బాపుకు. ఆయన బర్రెలు పెట్టుకుని, నయాపూల్ దాకా ఉన్న హోటళ్ళకు పాలు పోసేవాడు. ఏ హోటల్లోనైనా క్యాను దించగానే గాజు లాక్టోమీటరు ముంచేవారు. అది పైకి తేలితే చిక్కటి పాలు, కిందికి జారితే నీళ్ళు. రోజూ పొద్దున్నే సాంద్రత పరీక్షకు నిలబడే మనిషికి నేను కొత్తగా చెప్పాల్సిందేం లేదు.

"నువ్వు చేసేది గదే పని బిడ్డా. నన్ను పరీక్ష చేసెటోళ్ళ దిక్కు పోయినవు, గంతే," అనేవాడు. అనేటప్పుడు మాత్రం గర్వంగానే ఉండేవాడు.

కొన్నాళ్ళకు నాకు సంబంధం కుదిరింది. అబ్బాయి కరెంటు ఆఫీసులో గుమాస్తా, మాటలు తక్కువ. అబ్బాయి తండ్రి, అంటే మామ, కంచన్‌బాగ్‌లో లోహాల కార్ఖానాలో తయారైన ముక్కల కొలతలు చూసి పాస్ చేసే ఉద్యోగి. కచ్చితమైన మనిషని పేరు. ఈ సంబంధం తెచ్చింది బాపు తమ్ముడు, నేను కాకా అని పిలిచేదాన్ని. ముహూర్తం, టెంటు, వంటవాళ్ళు, చీర రంగు అన్నీ పెద్దవాళ్ళే నిర్ణయించారు. నాకు వదిలింది పెండ్లికార్డు ఒక్కటే.

"కాగితం సంగతి నీకే ఎర్క. నువ్వే చూడు," అన్నాడు బాపు.

ఛత్తాబజార్‌లో ఒక పాత ప్రెస్సుకు పోయాను. అక్కడి భాయ్ రెండు రకాల అట్టలు ముందు పెట్టాడు. ఒకటి ఉబ్బుగా, మెత్తగా ఉంది. రెండోది పల్చగా, నున్నగా, గట్టిగా ఉంది. "బేటీ, మోటా లేలో. సబ్ వహీ లేతే," అన్నాడు. అందరూ దళసరిదే తీసుకుంటారట. నేను రెండింటి ముక్కలూ తీసుకుపోయి పరీక్షించాను. పల్చటి దాని బరువు రెండు వందల నలభై, దళసరి దానిది రెండు వందల పది. అది చాలు నాకు. పల్చటి దాన్నే అచ్చు వేయమన్నాను. నా పెండ్లిలో నేను తీసుకున్న ఒకే ఒక నిర్ణయం కనుక చాలా సంతోషంగా ఉంది.

మొదటి కార్డు మూలలకు పసుపు రాసి, కాకా మా కాబోయే అత్తవారింటికి తీసుకుపోయాడు. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"కార్డు పల్చగున్నదంటుండు మామ," అన్నాడు.

"పల్చగుంటే ఏమాయె? బరువున్నది," అన్నాడు బాపు.

"ఆయన వేళ్ళతోని చూసి చెప్పలేదన్నా. పెట్టెలకెల్లి మైక్రోమీటర్ తీసిండు. కొలిచిండు. మిల్లీమీటర్‌ను నూరు వంతులు చేస్తె, మనది ఇరవై వంతులంట. వాళ్ళ పెద్ద కోడలి పెండ్లికార్డు ముప్పై ఐదు. అది గూడ నాకిచ్చి పంపిండు, చూస్కొమ్మని."

అమ్మ పొయ్యి దగ్గర నుంచే, "పరీక్ష కార్డుకా, పిల్లకా?" అంది.

పెద్ద కోడలి కార్డును మర్నాడు ఆఫీసుకు తీసుకుపోయాను. ముక్క కోస్తే మర్యాదగా ఉండదు కనుక, పొడవూ వెడల్పూ కొలిచి, మొత్తం కార్డును తూచి లెక్క కట్టాను. సరిగ్గా ఆ భాయ్ చూపించిన దళసరి రకమే. మందం నిజంగానే ముప్పై ఐదు. మామ కొలతలో తప్పు లేదు. కానీ భాగిస్తే దాని సాంద్రత మా కార్డు సాంద్రతలో సగమే ఉంది. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను.

"అంటే దాంట్ల గాలి కలిపిండ్రన్నట్టు," అన్నాడు బాపు.

"గట్లనే అనుకో."

"పాలల్ల నీళ్ళు కలిపినట్టు."

"దాదాపు గంతే బాపూ."

బాపు ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళూ కల్తీ చేశావని అనిపించుకున్న మనిషికి, ఇంకొకరి వస్తువును కల్తీ అనే అవకాశం మొదటిసారి దొరికింది. ఆపలేకపోయాను. కాకాతో కబురు పంపాడు: మీ పెద్ద కోడలి కార్డులో సగం గాలే ఉన్నదట, తూచి చూశామని.

కాకా కబురు మోయడంలో ఏ లోపమూ చేయడు. ఒక్క మాట వదలకుండా చెప్పి, అక్కడి మాటను కూడా ఒక్క అక్షరం తగ్గించకుండా తెచ్చాడు. "కలుపుడు సంగతి పాలోళ్ళకే బాగ ఎర్క ఉంటది" అన్నాడట మామ.

బాపు ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున పాలు పోయడానికి పోయాడు కానీ ఎవరితోనూ మాట్లాడలేదట. లగ్గం దగ్గర పడుతోంది, రెండిళ్ళ మధ్య మాటలు లేవు. నాకు భయం వేసింది. పెండ్లి ఆగిపోతుందని మాత్రమే కాదు. ఆగిపోతే దేని మీద ఆగిందని అడిగినవాళ్ళకు జీఎస్‌ఎం గురించి మొదటి నుంచి చెప్పాల్సి వస్తుందని.

చివరికి మామే మా ఇంటికి వచ్చాడు. వెంట అబ్బాయి, చేతిలో మైక్రోమీటరు పెట్టె. బాపు మర్యాదకు లోటు చేయలేదు, మంచం మీద కొత్త దుప్పటి పరిచాడు. నేను చాయ్ తెచ్చి లోపలికి పోబోతుంటే మామ ఆపాడు.

"బిడ్డా, కూసో. నువ్వే చెప్పు. నా కొలత తప్పా?"

"తప్పు కాదు మామా. ఇరవయ్యే, ముప్పై అయిదే."

"చూసినవా బావా?" అన్నాడు బాపు వైపు తిరిగి.

"మరి నీ తూకం తప్పా బిడ్డా?" అన్నాడు బాపు.

"తప్పు కాదు బాపూ. మనదే బరువు."

"చూసినవా బావా?" అన్నాడు బాపు కూడా.

ఇద్దరూ గెలిచి కూర్చున్నారు. నేను నిలబడి, బరువు వేరు, మందం వేరు, రెండింటికీ పోటీ పెట్టకూడదని, ఒకదాన్ని రెండోదానితో భాగించాలని, నాకొచ్చినంత నెమ్మదిగా చెప్పాను. మామ శ్రద్ధగా విన్నాడు. ఆయనకు లెక్క అర్థమైందని కూడా నాకు అర్థమైంది. విన్నాక అన్నాడు:

"లెక్క మంచిగనే ఉన్నది బిడ్డా. కానీ కార్డు అందుకున్నోళ్ళు భాగిస్తరా? చేతుల పట్టుకుంటరు, గంతే. మా కార్ఖానల అందరి దగ్గర పెద్దోని కార్డు ఉన్నది. చిన్నోని కార్డు గింత పల్చగ ఇస్తే ఏమనుకుంటరు?"

మా పరీక్ష గదిలో అలాంటి కొలత ఉండేది కాదు. పక్కనే కూర్చున్న అబ్బాయి ఫ్యాను వైపు చూస్తున్నాడు. అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు.

రాజీ కాకా కుదిర్చాడు. మా చుట్టాలకు మా కార్డు, వాళ్ళ వాళ్ళకు దళసరి కార్డు. ఒకే పెండ్లికి రెండు సాంద్రతలు. పాల మాట గురించి మామ క్షమించమని అనలేదు. పోయేటప్పుడు మాత్రం గ్లాసెడు పాలు అడిగి తాగి, "చిక్కగున్నయి" అని పోయాడు. బాపు ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఛత్తాబజార్ భాయ్ మొదటి కార్డు అచ్చయిపోగానే పేర్చిన సీసం అక్షరాలు విప్పేశాడు కనుక, రెండోదాన్ని మళ్ళీ కొత్తగా కూర్చాడు. నమూనా కార్డు ముందు మామ దగ్గరికి పోయింది. ఆయన నాలుగు మూలలా, మధ్యలో మందం కొలిచి, సరిగ్గా ఉందన్నాడు. అక్కడి నుంచి మా ఇంటికొచ్చింది. బాపు నాకిచ్చాడు, నేను తూచి రెండు వందల పది అని చెప్పాను. అందరం తృప్తి పడ్డాక అచ్చయింది, పంచారు.

పెండ్లి ఆదివారం పొద్దున ఏడున్నరకు, మా గల్లీలోనే టెంటు వేసి. మా చుట్టాలు, పాల హోటళ్ళవాళ్ళు, మా ఆఫీసువాళ్ళు తెల్లారేసరికే వచ్చేశారు. మగపెళ్ళివారి వైపు ఇంటివాళ్ళు, దగ్గరి చుట్టాలు తప్ప ఒక్కరూ లేరు. కార్ఖానా నుంచి ఒక్క మనిషి రాలేదు. జీలకర్రబెల్లం పెడుతున్నప్పుడు తల కొంచెం ఎత్తి చూశాను. మామ టెంటు ద్వారం దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. కచ్చితమైన మనిషి ముఖం అంత చిన్నబోవడం చూసి నాకు బాధ వేసింది. ఇన్నేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు కావాలనే రాలేదని అనుకున్నాడట. పాస్ చేయకుండా వెనక్కి పంపిన ముక్కలన్నీ ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి.

భోజనాలయ్యాయి. ఆకులెత్తారు. వంటవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. ఎండ తగ్గుతుండగా, ఇస్త్రీ బట్టలు వేసుకుని, అత్తరు పూసుకుని, భార్యతో పాటు ఒకాయన వచ్చాడు. కార్ఖానాలో మామకు పై ఉద్యోగి.

"జర ముందుగాల వచ్చినట్టున్నం. బారాత్ ఇంకా రాలేదా?" అన్నాడు.

పెండ్లి పొద్దున్నే అయిపోయిందని మామ చెప్పాడు. వచ్చినాయన జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. మామ దాన్ని అందుకుని, అలవాటు కొద్దీ ముందు రెండు వేళ్ళ మధ్య ఒత్తి చూసి, ఆ తర్వాత మొదటిసారి చదివాడు. ఉదయం అని ఉండాల్సిన చోట రాత్రి అని ఉంది. రాత్రి ఏడు గంటల ముప్పై నిమిషాలకు.

ఆయన అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాడు. నేను బాపు వైపు చూశాను. ఇప్పుడు అనదలచుకుంటే అనడానికి బోలెడు మాటలున్నాయి, వినడానికి కాకా కూడా అక్కడే ఉన్నాడు. బాపు మామ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బావా, ఫికర్ చెయ్యకు. సాయంత్రం పాలు ఏ హోటల్‌కూ పొయ్యను. పాయసం వండిద్దాం. బియ్యం, పప్పుకు బేగంబజార్‌కు మనిషిని తోలుతున్న."

అలా నాకు ఒకే రోజు రెండుసార్లు పెండ్లయింది. చీకటి పడేసరికి కార్ఖానా అంతా వచ్చింది. మేము మళ్ళీ దండలు వేసుకుని కూర్చున్నాం. పొద్దుటి దండలు వాడిపోయాయి కానీ కొత్తవి దొరకలేదు. పంతులు వెళ్ళిపోయాడు కనుక మంత్రాలు లేవు, అక్షింతలు మాత్రం ఉన్నాయి. పొద్దున తిన్న మావాళ్ళలో సగం మంది మళ్ళీ తిన్నారు. పాయసం బాగుందని అందరూ అన్నారు. వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా కార్డు దళసరి గురించి మాట్లాడగా నేను వినలేదు.

వారం తర్వాత ఆయనను, అంటే మా ఆయనను, అడిగాను. "కార్డుల తప్పున్నదని ఎవ్వరికీ కనపడలే చూడు."

"నాకు కనపడ్డది," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇంటికొచ్చిన రోజే చదివిన."

"మరి చెప్పలేదేంది?"

"పెద్దోళ్ళు ముహూర్తం మార్చిండ్రనుకున్న. మందమెంతనో, బరువెంతనో మస్తు లొల్లి నడుస్తుండె. ఏం రాసున్నదని నన్నెవరడిగిండ్రు?"

"మరి పొద్దుగాలనే ఎట్ల వచ్చినవు?"

"లేపిండ్రు, వచ్చిన."

కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆయనకు ఎందుకు నవ్వుతున్నానో తెలియలేదు, అయినా తనూ నవ్వాడు. ఇంత తక్కువ మాట్లాడే మనిషితో బతుకు ఎలా గడుస్తుందోనన్న బెంగ ఆ రోజుతో పోయింది.

ఏడాదిన్నరకు మాకు ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజుకు కార్డులు వేయిద్దామని ఎవరూ అనలేదు. బాపు, మామ చెరొక సైకిలు మీద ఇంటింటికీ పోయి నోటితో చెప్పి వచ్చారు. అందరూ వేళకే వచ్చారు.