మంచులో పోయిన మీసం

నా చిన్నప్పుడు కువైట్‌లోని ఫహాహీల్‌లో మేముండే బిల్డింగ్ మొత్తానికి మా నాన్న మీసం అంటే ఒక గౌరవం. గుబురుగా, కొసలు పైకి తిరిగి ఉండేది. నాన్నది కోనసీమ. చమురు కంపెనీలో ఇంజినీరు. శుక్రవారం సెలవు కాబట్టి తెల్లారేసరికి గాలం పట్టుకుని సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చునేవాడు, మధ్యాహ్నానికి మా ఇంట్లో పులుసు ఉడికేది. ఆయన ఒట్టి చేతులతో తిరిగిరావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ గర్వమే కొంప ముంచింది.

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, అల్ రాయ్‌లో కార్ల సామాన్ల కొట్లో పనిచేసేవాడు. బావను ఉడికించడం అంటే ఆయనకు అన్నం కంటే ఇష్టం. ఆ ఏడు వేసవి సెలవులకు అందరం ఇండియా వెళ్లి, మనాలి చూసి, ఆ పై కొండల్లో ఒక సరస్సు దగ్గర చేపలు పట్టాలని నాన్న తీర్మానించాడు. ఇంటికొచ్చిన నలుగురి ముందూ మామయ్య అందుకున్నాడు. "సముద్రంలో చేప ఎవడికైనా పడుద్దండి బావగారూ. కొండ చేప గడుసుది. మీకు చిక్కదు."

నాన్న మీసం మీద చెయ్యేశాడు. "పట్టకపోతే ఇది తీయించేస్తానురా!"

మా వైపు మగవాళ్లు మీసం మీద చెయ్యేసి అన్నారంటే ఇంక అది మాట కాదు, ఒట్టు. అమ్మ నెత్తి కొట్టుకుంది.

జూన్ నెల. కువైట్‌లో కుళాయి తిప్పితే సలసల కాగే నీళ్లు. బకెట్ పట్టి చల్లారబెట్టుకుంటే తప్ప స్నానం చెయ్యలేని రోజులు. అలాంటి ఇంట్లో కూర్చుని అమ్మ "స్వెట్టర్లు కొందామండీ" అంటే నాన్న పడీపడీ నవ్వాడు. ఎండాకాలం అంటే ఎక్కడైనా ఎండాకాలమేనట! స్వెట్టర్ల చోటు చింతపండుకీ, కారానికీ, మట్టి దాకకీ పోయింది. గాలం కర్రను దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నాన్న విమానం ఎక్కాడు.

కొండ మీద జీపు ఒక మలుపు తిరిగి ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు లేదు. మనిషి ఎత్తున తెల్లటి గోడ! "ఈసారి మంచు ఇంకా కరగలేదు సాబ్, రాస్తా బంద్" అన్నాడు డ్రైవర్. జూన్‌లో మంచేమిటని నాన్న ఆయనతో పోట్లాటకు దిగాడు, మంచు పడింది ఆ డ్రైవర్ వల్లే అన్నట్టు. తర్వాత గాలం భుజాన వేసుకుని, కాలికి చెప్పులతోనే దిగి పక్కనుంచి నడవబోయి మోకాలిదాకా కూరుకుపోయాడు. కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు. మామయ్య పొట్ట పట్టుకుని జీపు మీద వాలిపోయాడు. "గాలం ఇక్కడే వెయ్యండి బావగారూ, ఐస్‌ఫ్రూట్ పడుద్ది!"

వెనక్కొచ్చి, మనాలిలో మేం దిగిన బసలోనే ఉండిపోయాం. రోజూ పొద్దున్నే నాన్న వెళ్లి దారి తెరిచారా అని అడిగి, మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. అమ్మ ఆ దాకలో బంగాళాదుంపలతో చేపల పులుసు పెట్టింది. ముల్లు గుచ్చుకోదు, హాయిగా తినండి అని వడ్డించింది. సెలవులు అయిపోవచ్చాయి, దారి తెరవలేదు. చివరి సాయంత్రం మామయ్య గొంతు సవరించుకుని, తన పైపెదవి నిమురుకుంటూ నాన్న వైపు చూశాడు. "మంచు పడితే ఆయనేం చేస్తారురా, నోర్ముయ్" అని అమ్మ కసిరింది.

మర్నాడు పొద్దున నాన్న స్నానాల గదిలోంచి మీసం లేకుండా వచ్చాడు.

అందరం నవ్వుతామనుకున్నాను. ఎవరికీ నవ్వు రాలేదు. ఎండెరగని పైపెదవి పాలిపోయి ఉంది. మూడేళ్ల మా చెల్లి ఆయన్ని చూసి కెవ్వుమని అమ్మ వెనక దాక్కుంది. నాన్న చేతులు చాచి పిలిచేకొద్దీ "నాన్న కాదు, నాన్న కాదు" అని గుక్కపట్టి ఏడ్చింది. ఆ చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత ఆయన అటు తిరిగి, కట్టేసి ఉన్న సంచినే విప్పి మళ్లీ కట్టడం మొదలెట్టాడు. నాన్న చిన్నబోవడం నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి, నాన్న వాడిన రేజరూ సబ్బూ తీసుకుని లోపలికి వెళ్లాడు. ఆయనది సన్నటి గీత మీసం. ఈ ప్రయాణం అయ్యాక రాజమండ్రిలో పెళ్లిచూపులున్నాయని నెలల తరబడి అద్దం ముందు నిలబడి పెంచుకున్నది. బయటికొచ్చేసరికి అదీ లేదు.

"ఒరేయ్ అప్రాచ్యుడా! పెళ్లిచూపులు పెట్టుకుని ఇదేం పనిరా!" అని అమ్మ లబలబలాడింది. ఆయన వినిపించుకోకుండా పోయి నాన్న పక్కన కూర్చున్నాడు. "ఇందులో మీ నాన్నెవరో చెప్పవే బుజ్జీ" అన్నాడు. చెల్లి ఏడుపాపి ఒకరి పెదవి ముట్టుకుంది, ఇంకొకరి పెదవి ముట్టుకుంది, కిలకిలా నవ్వి నాన్న ఒళ్లోకి ఎక్కేసింది.

"గెలిచింది నువ్వు కదరా. నీకెందుకిది?" అన్నాడు నాన్న.

"గెలిచి, నేనొక్కణ్ణీ మీసం పెట్టుకుని ఏం చేసుకుంటానండీ బావగారూ" అన్నాడు మామయ్య.

పెళ్లికూతురి వాళ్లు మీసంలేని వరుణ్ణి చూసి, ఇంట్లో ఎవరైనా పోయారా అని భయంభయంగా అడిగారట. అసలు సంగతి విని, పెద్దవాళ్లున్నారని కూడా చూడకుండా పకపకా నవ్వేసిన ఆ పిల్లే మా అత్త. కువైట్ విమానాశ్రయంలో బుర్రమీసాల ఆఫీసరు పాస్‌పోర్టుల్లో ఫొటోలు చూసి, వీళ్లిద్దర్నీ చూసి, "వేన్ శనబ్?" అన్నాడు, మీసమేదీ అని. నాన్న తనకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకుని "ఖలాస్. సమక్ మాఫీ" అన్నాడు. అంటే, అయిపోయింది, చేపల్లేవు అని. పాపం ఆ పెద్దమనిషికి ఏం అర్థమైందో గానీ, పక్క ఆఫీసర్ని కూడా పిలిచి చూపించి మరీ ముద్ర కొట్టాడు.

ఇప్పుడు నేను కువైట్‌లోనే, హవల్లీలో ఉంటున్నాను, నాకూ మనవలొచ్చారు. మా ఇంట్లో వాదన వస్తే గెలిచేది నేనే. అది నా తెలివి కాదు, నా నోరు అలాంటిది. ఓడిపోయిన రోజు మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని బాల్కనీలో కూర్చుంటారు. లోపల నేను గెలిచిన సంబరంలో కాసేపు తిరుగుతాను. అంతలో నాన్న చాచిన చేతులు గుర్తొస్తాయి. ఇంక నిలవలేను. రెండు కప్పుల టీ కలుపుకుని వెళ్లి, ఆయన పక్క కుర్చీలో కూర్చుంటాను. ఎవరిది తప్పో ఆయనా అడగరు, నేనూ చెప్పను. పేపరు మెల్లగా కిందికి దిగుతుంది.