అవ్వ రుచి చూడని దయ్యాలు

పక్కింటి అవ్వ పోయిందని నాకు మూడో రోజున తెలిసింది. మందమర్రి నుంచి ఆమె చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. “మా పెద్దమ్మ మొన్న పొద్దుగాల పోయింది టీచరమ్మా. ఆమె ఫోన్ల మీ నంబరుంటే చెప్పాలె గదా అని చేసిన” అన్నాడు. నేను ఆమెకు ఏమవుతానో అతనికి సరిగ్గా తెలియదు. ఏమవుతానో చెబుదామంటే నాకూ సరైన మాట దొరకలేదు. బంధువును కాను. పక్కింటి మనిషిని, అదీ ఏడాది కిందటి వరకు.

మీకూ ఆమె తెలియదు. గోదావరిఖనిలో మా గల్లీ దాటితే ఆమెను ఎరిగినవాళ్లు తక్కువే. భర్త బొగ్గుబాయిలో పనిచేస్తూ జబ్బుచేసి పోతే, ఆ ఉద్యోగానికి బదులు ఆమెకు బాయి క్యాంటీన్‌లో పని వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా మొదటి షిఫ్టువాళ్లకు చాయ్ కాచి, బోండాలు వేసి, రిటైరయ్యాక మా పక్కింటి వెనక గదిలో అద్దెకు దిగింది. పిల్లలు లేరు. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నాన్న ఇక్కడ ఇంజనీరుగా చేరి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను పెళ్లి చేసుకోలేదు. నాన్న తర్వాత అమ్మ కూడా పోయాక ఆ మూడు గదుల ఇంట్లో నేనూ, నా పుస్తకాలూ, ఎదురు చెప్పేవాళ్లు లేక పెరిగిన నా చిరాకూ మిగిలాం. అవ్వ మా గల్లీకి వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

రోజూ సాయంత్రం నేను బడి నుంచి రాగానే వచ్చేది. “ఊకెనే అచ్చిన బిడ్డా” అనేది. ఊరికే వచ్చిన మనిషి చేతిలో పచ్చిపులుసు గిన్నో, గుప్పెడు చిక్కుడుకాయలో ఉండేవి. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, ముందు గది గడప పక్కన గోడకు ఆనుకుని కిందే కూర్చునేది. ఒక్క మనిషికి వండడం ఆమెకు చేతకాదు. క్యాంటీన్ లెక్కలో గిన్నె నిండా వండి, మిగిలిందంతా నాకు తెచ్చేది. కారం ఎక్కువైందని రోజూ సణిగేదాన్ని, రోజూ తినేదాన్ని. ఒకసారి మా ఫ్రిజ్ తెరిచి, మూతపెట్టి దాచిన సగం ఉల్లిగడ్డను చూసి, “సగం ఉల్లిగడ్డ దాసుకునే ఇంట్ల మనుషులు తక్కువున్నట్టే బిడ్డా” అంది. నాకు కోపం వచ్చింది. నిజమే కాబట్టి వచ్చింది.

కిందటి అక్టోబరులో మా బడిలో చిన్న తరగతులకు దయ్యాల పార్టీ పెట్టారు. విదేశాల దయ్యాల పండగను చూసి ఈమధ్య అన్ని బడుల్లో ఇదొక ముచ్చట. నల్ల తెరలు కట్టడం ఒకరికి, ముసుగులు కుట్టడం ఇంకొకరికి పంచి, నాకు దయ్యాల ఆకారంలో మిఠాయిలు అప్పగించారు. అరవై దయ్యాలు కావాలి. ఒక్కొక్కటి ఒక్కసారే నోట్లో పట్టాలి, చూస్తే భయం వేయాలి. నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. ఉప్మా ఉండకట్టకుండా వస్తే ఆ రోజు నాకు పండగ.

ఫోన్‌లో బొమ్మ చూపించాను. అవ్వ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఈ తెల్లబట్టలోళ్లు పోయినోళ్లేనా అని అడిగింది. అవును, పోయినోళ్లే అన్నాను. “పెత్రమాస పోయి నెలన్న గాలేదు, మల్ల పెడ్తున్రా?” అని తనలో తానే అనుకుంది. పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్యకూ మా బడి పార్టీకీ సంబంధమేమిటో విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వంటింట్లో ఒకరికొకరం అడ్డం పడుతూనే పాలు మరిగించి, పాలపొడీ కొబ్బరిపొడీ వేసి, ముద్ద దగ్గరపడేదాకా వంతులవారీగా కలిపాం. దయ్యాల కళ్ల కోసం నేను తెచ్చిన చాక్లెట్ పలుకుల్ని ఆమె పక్కకు నెట్టేసింది. కొంగు ముడి విప్పి నల్ల నువ్వులు తీసింది. వీళ్లకు నువ్వులే పెట్టాలె అంది. బాగా అతుక్కుంటాయి, తెలివైన మనిషి అనుకున్నాను. నా స్టీలు పళ్లాలూ పనికిరాలేదు, విస్తరాకులు తెప్పించింది.

నావి అన్నీ ఒకే తీరు బొటనవేళ్లలా వచ్చాయి. అవ్వవి ఏ రెండూ ఒకలా లేవు. ఒకదానికి కుడి భుజం బాగా కిందికి నొక్కి, ఇది మా ఆయిన, తట్టలు మోసి మోసి బుజం జారింది అని చెప్పింది. ఇంకొకటి క్యాంటీన్‌లో ఎప్పుడూ రెండో గ్లాసు చాయ్ అడిగే మేస్త్రీ అట. తర్వాత చెయ్యి ఆపి, మీ అమ్మ ఎట్లుండేది బిడ్డా అని అడిగింది. పొట్టిగా, బొద్దుగా, తనకు మెడ పెట్టడం దేవుడు మరిచిపోయాడని తన మీద తానే నవ్వుకునేదని చెప్పాను. అవ్వ మెడ లేని దయ్యాన్ని చేసి నా ముందు నిలబెట్టింది. నవ్వాను. నవ్వుతూనే ఏడుపు వచ్చింది. అమ్మ పోయిన మూడేళ్లలో ఆమె ఎలా ఉండేదని నన్నెవరూ అడగలేదు.

ముక్కు చీదుకుని, ఇవి ఇలా నవ్వుమొహాలతో ఉంటే ఎలా, పిల్లలు భయపడాలి కదా అన్నాను.

“మనోళ్లను చూసి భయపడుడేంది?” అంది అవ్వ.

విరిగిన ముక్క ఒకటి నోట్లో వేసుకోబోతే చేతి మీద చిన్న దెబ్బ వేసింది. క్యాంటీన్ క్రమశిక్షణ కాబోలు అనుకుని ఊరుకున్నాను.

మర్నాడు పార్టీలో ఒకటో తరగతి పాప దయ్యాన్ని నోట్లో పెట్టుకుని, నమిలి, నా మొహంలోకి చూసింది. తియ్యగ లేదు టీచర్ అంది. లేదు మరి. చక్కెర ఆమె వేసిందని నేను, నేను వేశానని ఆమె. పిల్లల ఆరోగ్యం కోసం మానేశారా అని ప్రిన్సిపాల్ అడిగితే సిగ్గులేకుండా అవునన్నాను. యాభైకి పైగా దయ్యాలు నాతోపాటే ఆటోలో తిరిగొచ్చాయి.

సాయంత్రం చెబితే అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కొంచెం రుచి చూసి ఉంటే సరిపోయేది కదా అన్నాను.

“పెద్దలకు పెట్టేది మనం ముందుగాల ఎంగిలి చేస్తమా?”

అప్పుడు అర్థమైంది నాకు, ఆ తలస్నానం, ఆ నువ్వులు, ఆ విస్తరాకులు ఎందుకో. ఇది పిల్లల ఆట అవ్వా, ఎవరికీ పెట్టేది కాదని చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, పోనీలే, మనమన్న తలుసుకున్నం అంది. చక్కెర పొడి అద్దుకుంటూ ఇద్దరం తినడం మొదలుపెట్టాం. భుజం జారినదాన్నీ మెడ లేనిదాన్నీ ఎవరమూ ముట్టలేదు.

ఆమె ఉన్న గదిని కూల్చి మేడ కడతామని, వచ్చే నెలాఖరుకల్లా ఖాళీ చేయాలని ఇంటివాళ్లు అప్పటికే చెప్పారు. ఆ సంగతి నాకు తెలుసు. తింటూ తింటూ అవ్వ మా ముందు గదిలోకి చూసింది.

“ముందటి అర్రల ఎవలు పండుకుంటరు బిడ్డా?”

“పుస్తకాలున్నాయి అవ్వా. కాలు పెట్టే చోటు లేదు” అన్నాను.

ఆమె ఏమడిగిందో నాకు అర్థం కాలేదని ఇక్కడ రాస్తే మీరు నమ్ముతారు. అర్థమైంది. అమ్మ మంచం పక్కన మూడేళ్లు కూర్చుని లేచినదాన్ని. మళ్లీ ఇంకో ముసలి ప్రాణానికి మందులు కలపాలంటే భయమేసింది. నా చిరాకునూ నా ఒంటరితనాన్నీ ఎవరూ కదపకూడదనిపించింది. అవ్ గదా, పుస్తకాలు జాగర్తగ ఉండాలె అని, అవ్వ చేతులు కడుక్కుని వెళ్లింది.

నెలాఖరున చెల్లెలి కొడుకు ట్రాలీ ఆటో తెచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, పదిమందికి సరిపోయే గిన్నె ఒకటి ఎక్కించుకుని మందమర్రి వెళ్లిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా మంచిగున్న అనేది. సెలవుల్లో వస్తానని నేను అనేదాన్ని. వెళ్లలేదు. ఆమె ఉన్న రెండేళ్లూ నేను ఒంటరిదాన్నన్న సంగతి నాకు గుర్తే లేదని, ఆ మాట ఆమెతో ఒక్కసారైనా చెప్పలేదని, సాయంత్రాలు గడవనప్పుడు తెలిసొచ్చింది.

పోయిన ఆదివారం మందమర్రి వెళ్లాను. చిన్న ఇల్లు, అయిదుగురు మనుషులు. అవ్వ వరండాలో పడుకునేదట. చెల్లెలి కోడలు నాకు మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. అవ్వ నన్ను రోజూ తలచుకునేదని చెప్పింది. తర్వాత ఏ కల్మషమూ లేకుండా ఈ మాట అంది.

“అంత మంచి టీచరమ్మ అయితే అక్కడ్నే ఉండకపోయినవా అని నేనే అడిగిన. పాపం, ఉంచుకుందామన్నా ఆమె ఇంట్ల తావు లేదు, అన్ని పుస్తకాలే, నేను కండ్లార చూసిన అన్నది.”

కళ్లారా చూసిన మాట నిజమే. రోజూ ఆ గడప దగ్గరే కూర్చునేది. ఆ గదిలో గోడవారగా ఉన్నవి రెండే రెండు అల్మరాలని, మిగతాదంతా ఖాళీ అని ఆమెకు తెలుసు.

ఇంటికొచ్చి ఆ రెండు అల్మరాలనూ నా పడకగదిలోకి జరిపించాను. ముందు గదిలో నవ్వారు మంచం వేసి, ఉతికిన తెల్ల దుప్పటి పరిచాను. మధ్యాహ్నాలు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలు అదురుతాయి, సందుల్లోంచి సన్నటి నల్లదుమ్ము లోపలికి దిగుతుంది. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి దుప్పటి నిండా అదే ఉంటుంది. ఒక్క ముడతైనా ఉండదు. దులిపి, మళ్లీ పరుస్తున్నాను.