నాలుగో పోగు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని లెక్కలాయన అనేవారు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక తనను పెంచిన అక్కతోనే ఉండేవాడు. అక్క అదే ఆసుపత్రిలో నర్సు.

నర్సుల అలసట పసిగట్టేందుకు ఒక ప్రశ్నల కాగితం తయారుచేసే పని ఆయన నెత్తిన పడింది. అక్కతో సహా నాలుగు వందల మంది నింపిచ్చారు. కలిసి పెరిగి కలిసి తగ్గే జవాబుల వెనక కనపడని పోగు ఒకటి ఉంటుంది, ఫ్యాక్టరంటే అదే. అలాంటి పోగులు ఎన్ని ఉన్నాయో తేల్చడమే చిక్కు. ఒళ్లునొప్పులు, చిరాకు, పనిమీద విరక్తి: మూడూ మోకుల్లా గట్టిగా తేలాయి. నాలుగోదే పేచీ. కంప్యూటరు చేత అర్థంలేని అంకెలు పోయించి చూస్తే, వాటిలో పుట్టే ఉత్తుత్తి పోగుకన్నా అది వెంట్రుకవాసి సన్నం, అంటే అదీ ఉత్తిదే కావచ్చు. పైగా దానికి రెండే ప్రశ్నలు. అందులో "డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్లబుద్ధి కాదు" అన్నది అక్క చెప్పి రాయించింది.

"మూడే ఉంచుతున్నానక్కా."

"నా ప్రశ్న ఎగరగొట్టావా? అన్నం పెట్టిన చేతికి భలే మర్యాద చేశావురా!"

"రెండు ప్రశ్నలతో పోగు నిలవదక్కా."

"నిలవకపోతే ఇంకో రెండు అడగరాదూ?"

నవ్వుతూనే అంది. అదే సరైన పద్ధతని ఆయనకూ తెలుసు. కానీ మళ్లీ అందరినీ అడగాలి, గడువు వారమే. ఉన్న ఆ రెండు ప్రశ్నలూ కొట్టేశాడు. ఆ ప్రశ్న నీకెందుకు తోచిందక్కా అని అడగాలని మాత్రం తట్టలేదు.

ఏటేటా అక్క ఆ కాగితం నింపింది. ఏటేటా అందరి లెక్కా కలిపి ఆయనే చూసి, బాగానే ఉందనుకున్నాడు. ఆరో ఏడు ఒక సాయంత్రం డ్యూటీ దిగి బస్‌స్టాపులో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిందన్నారు.

"ఆయమ్మ రోజూ అంతేనండీ," అన్నాడు పక్కన పళ్లబండి అతను. "నాలుగైదు బస్సులు వదిలేసిగానీ ఎక్కేది కాదు. ఇవాళా అంతే అనుకున్నా."

"ఎన్నాళ్లనుంచి?"

"నేను బండి పెట్టినప్పట్నుంచీనండీ. ఎనిమిదేళ్లు."

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు, ఆ నాలుగు వందల మంది జవాబులున్న పాత ఫైలు తెరిచాడు. ఎన్ని పోగులని అడిగే గడిలో మూడు చెరిపి నాలుగు కొట్టాడు. ఆ రెండు ప్రశ్నలూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. రెండింటికీ గట్టిగా అవునన్నవాళ్లు పదకొండు మంది. ఆ వరసల్లో పేర్లుండవు. ఏది అక్కదో తెలియక, పదకొండింటినీ మొదటి జవాబు నుంచీ చదవడం మొదలుపెట్టాడు.