ముందుండి మోసిన బస్తా

మొన్న సోమవారం మా గోడౌన్‌లో ఒక దాణా బస్తా చిరిగింది. దాంతోపాటు నా పరువు కూడా. నవ్వండి, ఫర్వాలేదు. నాకూ నవ్వొస్తోంది గానీ నడుము పట్టేసి పూర్తిగా నవ్వలేకపోతున్నాను. టీ చల్లారేలోగా చెప్పేస్తా, వినండి.

నేను గగన్‌పహాడ్‌లో పశువుల దాణా కంపెనీలో చేస్తానని మీకు తెలుసు కదా. ఆర్నెల్ల కింద మా డిస్పాచ్ ఇన్‌చార్జి రిటైరైతే ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారంతే, ఖాయం చెయ్యలేదు. "ఆర్నెల్లు టెంపరరీగా చెయ్యి ప్రసాద్, చూద్దాం" అన్నారు జీఎం గారు. ఆ ఆర్నెల్లూ ఈ నెలతో అయిపోతాయి. ఖాయం కాకపోతే మళ్ళీ నా పాత గుమాస్తా బల్లే గతి. ఈలోగా మా సునీత శంషాబాద్‌లో మేముండే గల్లీ మొత్తానికీ, చర్చిలో ఆడవాళ్ళందరికీ "మా ఆయన పర్మనెంట్ అవుతుండు, జర ప్రార్థన చెయ్యుండ్రి" అని చెప్పేసింది. ఆదివారం వచ్చిందంటే చాలు, చెప్పులు విప్పకముందే "అయిందా బ్రదర్?" అని అడిగేవాళ్ళు వరసగా నిలబడుతున్నారు.

పోయిన వారం జీఎం గారు పిలిచారు. "నీకు పని తెలుసయ్యా. మనుషుల్ని నడిపించడమే తెలియదు" అని లక్డీకాపూల్‌లో ఒక పెద్ద హోటల్లో రెండు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్‌కు పంపించారు. ఏసీ హాలు, తోలు ఫోల్డరు, మధ్యాహ్నం మూడు రకాల స్వీట్లు! టై కట్టుకున్న ట్రైనర్ ప్రొజెక్టర్ మీద షీటు తర్వాత షీటు వేస్తూ చెబుతుంటే నేను ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను. రెండో రోజు ధైర్యం చేసి చెయ్యెత్తాను.

"సార్, లారీ లోడింగ్ లేటవుతుంటే లీడరు ఏం చెయ్యాలి?"

ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మోచేతిదాకా మడిచాడు. "ఇదీ చెయ్యాల్సింది! ఆర్డర్ వేసేవాడు బాస్. ముందుండి చేసి చూపించేవాడు లీడర్!" అన్నాడు. హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే. ఈయన ఎప్పుడన్నా ఒక బస్తా ముట్టుకున్నాడా అనే అనుమానం ఒక్క క్షణం కూడా రాలేదు నాకు.

సోమవారం పొద్దున్నే జీఎం గారి ఫోన్. "రెండు లారీలు కర్నూలు వెళ్ళాలి. నాలుగింటికి గేటు దాటాలి. నేనే వస్తాను. నీ ఫైలు కూడా తెస్తున్నాను, ట్రైనింగ్ ఎంతవరకు ఎక్కిందో చూసి అప్పుడు సంతకం పెడతా."

అంటే నెలాఖరుకు కాదు, ఆ సాయంత్రమే తేలిపోతుందన్నమాట!

మా దగ్గర లోడింగ్ చేసేది ఎనిమిది మంది హమాలీల గుంపు. ఆ రోజు ఒకాయనకు జ్వరం, ఏడుగురే వచ్చారు. వాళ్ళ మేస్త్రి ఖాజా మియా. నేను కంపెనీలో చేరకముందు నుంచీ ఉన్నాడు. నెరిసిన గడ్డం, భుజాన తువ్వాలు, గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పదకొండయ్యేసరికి మొదటి లారీ సగమే నిండింది. వీళ్ళేమో పని ఆపి బీడీలు ముట్టించారు. మామూలుగా అయితే కిటికీలోంచి "ఖాజా భాయ్, జర జల్దీ!" అని అరిచి ఊరుకునేవాణ్ణి. కానీ ఇప్పుడు నేను బాస్‌ను కాదు కదా, లీడర్‌ను! ఫోల్డరు బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, తిన్నగా బస్తాల దగ్గరికి నడిచాను.

"ఏంది సార్, ఏం గావాలె?" అన్నాడు ఖాజా మియా.

"ఏం వద్దు భాయ్. మీరు కూసోండ్రి. నేను చేసి చూపిస్తా."

గోడకు తగిలించిన కొక్కెం ఒకటి తీసుకున్నాను. హమాలీలు దాన్ని బస్తా మూలన ఉండే చెవికి అలవోకగా తగిలించి లాగుతారు. నేను తగిలించింది బస్తా కడుపుకి. లాగాను. రాలేదు. యేసయ్యా అనుకుని ఇంకా గట్టిగా లాగాను. పర్రుమని చిరిగింది! దాణా అంతా నా బూట్ల మీద కుప్పగా పడింది. అయినా తగ్గానా? ఇంకో బస్తాను రెండు చేతులా కావిలించుకుని, ఎలాగో నడుము మీదికి తెచ్చుకుని, పడుతూ లేస్తూ లారీ దాకా మోశాను. నడుములో ఏదో టక్కుమంది. పట్టించుకోలేదు. లారీలో బస్తా దించి, చెమట తుడుచుకుని వెనక్కి తిరిగాను.

ఏడుగురూ లేచి నిలబడ్డారు. బీడీలు ఆర్పేశారు. ఆహా, కదిలిపోయారు అనుకున్నాను! ట్రైనర్ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అప్పుడు ఒక్కొక్కరే కొక్కేలు తీసుకెళ్ళి గోడకు తగిలించి, తువ్వాళ్ళు దులుపుకుని, లారీ నీడలోకి పోయి కూర్చున్నారు.

"అయ్యో, ఏమైంది?" అన్నాను.

"ఏం గాలే సార్. మీరు మోస్తున్రు గద. మోయుండ్రి," అన్నాడు ఖాజా మియా. కోపం లేదు, ఎగతాళి లేదు. అదే నన్ను భయపెట్టింది.

నేను పక్కన కూలబడి లీడర్‌షిప్, టీమ్‌వర్క్ అంటూ ఓ పది నిమిషాలు చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"సార్, మీరు మంచికే ఎత్తిన్రు, కాదనను. గని ఇయ్యాల మీరెత్తితె రేపు మీ గుమాస్తా ఎత్తుతడు. ఎల్లుండి వాచ్‌మన్ ఎత్తుతడు. ఆయెనుక మేమెందుకు? ఇంతకుముందు మేం జేసిన గోడౌన్ల గిట్లనే అయింది. ఆఫీసోళ్ళు సాయం జేస్తమని వచ్చిన్రు. పన్నెండు మందిమి ఉంటిమి, ఆరుగురిని జేసిన్రు. బస్తా ముట్టుడు మా హక్కు సార్. మీ సంతకం మేం పెడితె మీరు ఊకుంటరా?"

నిజం చెప్పాలంటే చాలా సిగ్గేసింది. ఎందుకంటే మా సొంత మేనమామ షాద్‌నగర్ మార్కెట్లో ముప్పై ఏళ్ళు బస్తాలు మోసినవాడు. గుంపులో లేనివాడు బస్తా ముట్టుకుంటే మొత్తం మార్కెట్ పని ఆగిపోయేదని చిన్నప్పుడు ఆయన నోటే విన్నాను. డిగ్రీ చదివి, ఏసీ హాల్లో రెండు రోజులు కూర్చునేసరికి అదంతా మర్చిపోయాను!

టైము పన్నెండున్నర. లారీలు రెండూ అలాగే ఉన్నాయి. లారీ డ్రైవర్లు నన్ను చూసి హారన్ కొడుతున్నారు.

"తప్పయింది భాయ్. ఇప్పుడేం చెయ్యాలె, మీరే చెప్పుండ్రి" అన్నాను.

ఖాజా మియా గడ్డం నిమురుకున్నాడు. మిగతా ఆరుగురి వైపు చూశాడు. "ఒక్కటే దారి ఉన్నది సార్. ఎత్తినోడు హమాలీ అయితె మాకేం పరేషాన్ లేదు. మా గుంపుల ఎట్లాగు ఒకడు తక్కువున్నడు. సాయంత్రందాక మీరు మా గుంపుల చేరుండ్రి. గని చేరినంక సార్ గీర్ ఉండదు. నేను చెప్పింది ఇనాలె."

చేరిపోయాను! కొత్తగా చేరినవాడు అందరికీ చాయ్ తేవాలట, తెచ్చాను. ఖాజా మియా ఒక గోనెసంచిని తలా వీపూ కప్పేలా కొప్పెరలాగ మడిచి నా నెత్తిన వేశాడు. నాతో రెండు బస్తాలు మోయించి చూసి, ఇగ చాలు అన్నట్టు తలకాయ కొట్టుకుని చీపురు చేతికిచ్చాడు. "నువ్వు పారబోసిన దాణా నువ్వే ఊడ్చుకో. నడుమ నడుమ నీళ్ళియ్యి. పని అయ్యేదాక మాట్లాడకు."

అన్నిటికన్నా ఆ ఆఖరి మాట పాటించడమే కష్టమైంది. కానీ నోరు మూసుకున్నాను కాబట్టి ఒకటి చూశాను. ఖాజా మియా ఎవరినీ తొందరపెట్టడు. మోకాలి నొప్పి ఉన్న ఆయనను లారీ మీద పేర్చడానికి ఎక్కించాడు. ఇద్దరు కుర్రాళ్ళను పక్కపక్కన నిలబెట్టి పోటీ పెట్టాడు. అలసట మొహంలో కనబడకముందే "బీడీ!" అనేవాడు. నేను పొద్దున బద్ధకమనుకున్నది ఆ బీడీయే. అది తాగి లేచాక వాళ్ళ నడక చూడాలి, ఆగేవాళ్ళే కాదు!

మూడున్నరకు జీఎం గారి అంబాసిడర్ వచ్చింది. ముందు నా గదిలోకి వెళ్ళారు. ఖాళీ కుర్చీ, బల్ల మీద తోలు ఫోల్డరు. బయటికొచ్చి రెండో లారీకి తాళ్ళు కడుతున్న ఖాజా మియాను అడిగారు. "మేస్త్రీ, మీ ఇన్‌చార్జి ఎక్కడ?"

"గీడనే ఉన్నడు సార్. ఊడుస్తుండు."

జీఎం గారు నన్ను చూశారు. నెత్తిన గోనెసంచి, ఒళ్ళంతా దాణా పొడి, చేతిలో చీపురు. నేను నోరు తెరవబోయి, అలవాటు కొద్దీ ఖాజా మియా వైపు చూశాను. పర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు చెప్పాను, "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్."

అది కూడా చూశారు జీఎం గారు.

జరిగిందంతా ఖాజా మియా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎక్కువ చెయ్యలేదు, తక్కువ చెయ్యలేదు. చెబుతుండగానే రెండు లారీలూ గేటు దాటాయి, నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుండగానే! జీఎం గారు వాచీ చూసుకున్నారు. ఫైలు తెరిచి, పెన్ను తీసి, నన్ను వదిలేసి ఖాజా మియానే అడిగారు.

"నువ్వే చెప్పు మేస్త్రీ. ఇతన్ని ఖాయం చెయ్యమంటావా?"

ఖాజా మియా నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"మనిషి మంచోడు సార్. చెప్తె ఇంటడు. చాయ్ మంచిగ తెస్తడు. మా గుంపుల ఖాయం చేసుకుంటం, మాకేం ఫికర్ లేదు. ఇన్‌చార్జి సంగతంటరా... జర పని నేర్వనియ్యుండ్రి."

జీఎం గారు నవ్వలేదు గానీ మీసం కదిలింది. "ఇంకో మూడు నెలలు టెంపరరీ" అని రాసి ఫైలు మూసేశారు. "ఈ మూడు నెలలూ ట్రైనింగ్ ఇక్కడే, ఈయన దగ్గర" అని కూడా అన్నారు.

ఇంటికొచ్చి స్కూటర్‌కు స్టాండ్ వెయ్యలేక గోడకు ఆనించాను. సునీత గడపలోనే ఉంది.

"ఏమైంది? సంతకం పెట్టిన్రా? పర్మనెంట్ చేసిన్రా?"

అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. నిజం చెప్పడానికి ఓపిక లేదు.

"చేసిన్రు."

"దేవునికి స్తోత్రం! ఇప్పుడే పోయి అందరికి చెప్పొస్తా!"

"ఆగు, ఆగు! ముందు ఈ నడుముకు జర బామ్ రుద్దు. ఎవరు చేసిన్రో, ఎందుల చేసిన్రో విన్నంక పోయి చెప్దువు గాని!"